మట్టికి తగిన మాట

మార్చి 3, సోమవారం

ఉద్యోగంలో చేరాను. రోజంతా కలిపి నేను మాట్లాడినది "నమస్కారం", "సరే సర్", "థాంక్యూ". ఎవరూ తప్పు పట్టలేదు.

ఆఫీసు పాత రంగుల ఫ్యాక్టరీ గేటు పక్కన, ఒకప్పుడు టైంకీపరు కూర్చునే గది. కిటికీలోంచి స్థలమంతా కనిపిస్తుంది. ఊరి నడిబొడ్డున ఇంత ఖాళీ ఉందని గోడ కూలగొట్టేదాకా నాకు తెలియదు. పగిలిన గచ్చు, తుప్పు పట్టిన తొట్లు, పగుళ్ళలో పేరు తెలియని మొక్కలు. ఇక్కడ కింద దుకాణాలు, పైన ఇళ్ళు కడతారు. ఇంజనీర్లు ఇంగ్లీషులో రాసినదాన్ని ఊళ్ళో వాళ్ళు చదవడానికి తెలుగులో పెట్టడం నా పని. తర్జుమా. నోరు విప్పనక్కర్లేని ఉద్యోగం. నాకోసమే పుట్టించినట్టుంది.

సాయంత్రం ఇంటికి రాగానే బావ కుట్టుమిషను ఆపాడు.

"ఏమ్మా దొరసానీ, మన కొట్టు ఎక్కడొస్తుందో చూశావా?"

"లేదు బావా."

"చూసినా చెప్పవులే. నీ నోట్లోంచి ఒక మాట రావాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి."

అక్క వంటగదిలోంచి నవ్వింది. బుడంకాయ (అక్క కూతురు, ఆరేళ్ళది, ఊరంతా పెట్టిన పేరు) కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది.

బావ కుట్టుకొట్టు ఫ్యాక్టరీ పడమటి గోడనానుకుని ఉండేది. గోడతోపాటు అదీ పోయింది. కొత్త భవనంలో ఆ గోడ వెంబడి ఉన్నవాళ్ళకే ముందు కొట్లు, పైన ఒక ఇల్లు అని మాట ఇచ్చారు. అప్పటిదాకా మిషను మా వరండాలో. పాత గిరాకీలో సగం మంది ఈ సందులోకి రావడం మానేశారు. "కనపడని దర్జీ, వినపడని పాటగాడు ఒకటే" అంటాడు. నవ్వుతూనే అంటాడు.

అమ్మ పోయినప్పటినుంచి నేను వీళ్ళ దగ్గరే. నా కాన్వెంట్ యూనిఫారం బావే కుట్టేవాడు. క్లాసులో అందరికంటే నిటారుగా నిలబడే కుచ్చులు నావే.

మార్చి 5

ఇంజనీరు మేడమ్‌ని చూశాను. నేల సంగతి, నిర్మాణం సంగతి అన్నీ ఆవిడే. మోకాళ్ళదాకా బురద. చేతిలో మట్టి నింపిన గాజు సీసాలు, పచ్చడి జాడీలు మోసుకొస్తున్నట్టు ఒక్కొక్కటే జాగ్రత్తగా బల్ల మీద దింపారు. ఒక్కో సీసా మీద ఎక్కడి మట్టో, ఎంత లోతుదో చీటీ.

మధ్యాహ్నం మీటింగు. నేను మూల కుర్చీలో. మేనేజరుగారు అడిగారు, "మేడమ్, ఆ పడమటి మూల నేల ఎలా ఉంటుందంటారు?"

"తెలీదు" అన్నారావిడ. "తవ్వి చూస్తే తెలుస్తుంది."

అంతే. తల దించలేదు. గొంతు తగ్గించలేదు. కాన్వెంటులో జవాబు తెలియకపోతే పీరియడ్ అయ్యేదాకా నిలబడేవాళ్ళం. "తెలీదు" అన్న మాటని అంత హాయిగా అనవచ్చని నాకు ఇవాళే తెలిసింది.

మార్చి 7, శుక్రవారం

అట్టముక్కలతో చేసిన నమూనా వచ్చింది. భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు వంగి లోపలికి చూశాను. ప్రతి కొట్టు ముందూ ఒక అరుగు. మెట్లు ఎంత వెడల్పంటే సంచులు మోస్తున్న ఇద్దరు ఎదురుపడ్డా ఎవరూ పక్కకి తిరగనక్కర్లేదు. మా ఇంటి మెట్ల మీద పైకొచ్చేవాళ్ళ కోసం దిగేవాళ్ళు వెనక్కి ఎక్కాలి. పడమటి వరసలో చివరి కొట్టు, దాని మీద కిటికీ. అది అక్కకి ఇచ్చేశాను. మనసులో.

మేడమ్ వెనకనించి వచ్చారు. "ఏం వెతుకుతున్నావు?"

వేలితో కిటికీ చూపించాను.

"సాయంత్రం ఎండ పడుతుంది దానికి. పరదా కావాలి" అన్నారు, అక్కడ ఇప్పటికే ఎవరో కాపురం ఉంటున్నట్టు.

మార్చి 11

"బ్రౌన్‌ఫీల్డ్" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఊరి బోర్డుకి పథకం పేరు కావాలి. మేడమ్ ఊళ్ళో లేరు. మేనేజరుగారిని అడగడానికి రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాను. డిక్షనరీలో "బ్రౌన్" ఉంది, "ఫీల్డ్" ఉంది. రెండూ కలిపి లేదు. "గోధుమరంగు నేల" అని రాశాను. చదవడానికి బావుంది. మట్టి ఎలాగూ ఆ రంగే కదా.

మార్చి 14

బోర్డు పెట్టారు. నాలుగు రోడ్ల దగ్గర, ఇంత ఇంత అక్షరాలతో:

గోధుమ నేల — ఇళ్ళు, దుకాణాల నిర్మాణ పథకం.

పెయింటరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నిచ్చెన మడుస్తున్నాడు.

"రంగు ఏమైందండీ?"

"బోర్డు చిన్నది, మాట పెద్దది అమ్మా. తీసేశాను. రంగుల ఫ్యాక్టరీ అని ఊరందరికీ తెలుసు కదా, మళ్ళీ రంగెందుకు?"

మార్చి 15

ఉదయం ఒక పెద్దావిడ సంచి పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. గోధుమలు ఎప్పుడిస్తారని అడిగింది. ఇంకా మొలవలేదని వెనకనించి ఎవరో అన్నారు. ఆవిడ పాపం నమ్మి వెళ్ళిపోయింది.

ఇంటికొస్తే బావ తయారు. "మరదలా, కోతలెప్పుడు?"

నేను చెప్పులు విప్పుకున్నాను.

"అయినా నా పిచ్చిగానీ, మీ ఆఫీసువాళ్ళు కోతలు ఎప్పుడో మొదలుపెట్టారు. ఈ ఏడే ఇల్లిస్తాం, ఈ ఏడే కొట్టిస్తాం అని."

"ఊరుకోండీ, పిల్ల ఏడుస్తుంది" అంది అక్క. ఏడవలేదు. స్నానాలగదిలో ముఖం కడుక్కున్నాను, అంతే.

మార్చి 17, సోమవారం

మేడమ్ నన్ను బోర్డు దగ్గరికి తీసుకెళ్ళారు. చీవాట్లు పెడతారనుకున్నాను. చదివి, నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు.

"తప్పు నీది కాదు. ఆ ఇంగ్లీషు మాటే అలాంటిది. ఫ్యాక్టరీ నడిచి మూతపడిన జాగాని పొలం అనడమేమిటి? కొత్తలో నాకూ పొలమే కనిపించేది." తర్వాత అడిగారు, "ఈ జాగాని మీ ఇంట్లో ఏమంటారు?"

"పాత రంగుల ఫ్యాక్టరీ."

"అదే రాయి."

నవ్వాక మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఒకరి పొరపాటుని చూసి నవ్వేసి, దాన్ని అక్కడే వదిలేసి రావడం ఎంతమందికి చేతనవుతుంది?

అయినా ఇకమీదట నిఘంటువులో లేని మాట రాయను. నవ్వడానికి ఎవరికీ సందు ఇవ్వను.

మార్చి 26

పడమటి మూల తవ్వారు. రెండడుగుల కింద మట్టి నీలంగా ఉంది. ఇంకా కిందికి వెళ్తే ఇంకా నీలం. మేడమ్ గోతిలో చాలాసేపు కూర్చున్నారు. పైకి వచ్చాక చేతులు కడుక్కున్నారు, ఆపరేషను చేసే డాక్టర్లలా, మోచేతులదాకా.

పడమటి వరస. చివరి కొట్టు.

ఏప్రిల్ 2, బుధవారం

పరీక్షల ఫలితాలు వచ్చాయి. రంగుల్లో కలిపే విషపదార్థాలు తొట్లలోంచి కారి కారి ఆ మూలంతా ఇంకిపోయాయి. మేడమ్ అన్నది ఒక్కటే. ఆ మట్టి మొత్తం తవ్వి తీసేయాలి, మంచి మట్టి నింపాలి, ఆ తర్వాతే పునాది. అంటే పడమటి వరస వచ్చే ఏడుకి గానీ మొదలవదు.

మేనేజరుగారిని ఆఫీసులో అందరూ చాటుగా సర్దుబాటు సారు అంటారు. ఆయన రెండు చేతులూ గాలిలో చదును చేస్తున్నట్టు ఆడించారు.

"సర్దుకుందాం మేడమ్. పైన అడుగు మందాన కాంక్రీటు పోసేద్దాం. మూత పెడితే పోయేదానికి ఇంత రభస ఎందుకు?"

"మాడిన కూర మీద మూత పెడితే వాసన పోతుందా సార్?"

ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం కాగితం అడ్డం పెట్టుకున్నాను.

ఏప్రిల్ 3

మేడమ్ మరిన్ని సీసాలు తీసుకుని పట్నంలో ల్యాబుకి వెళ్ళారు, రెండు మూడు వారాలు రారు. ఆ మూల కంచె వేసి బోర్డు పెట్టాలి. సర్దుబాటు సారు నన్ను పిలిచారు.

"మరీ భయపెట్టకుండా, కాస్త గౌరవంగా రాయమ్మా."

రాశాను:

"ఈ ప్రాంతపు మృత్తికయందు అవాంఛనీయ లక్షణములు గుర్తింపబడినవి. ప్రజలు గమనించగలరు."

ఆయన చదివి మురిసిపోయారు. "ఎంత బావుంది! ఏం చెప్పావో నాకే తెలియలేదు."

ప్రతి మాటా నిఘంటువులో ఉంది. ఈసారి నవ్వడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఉంది.

"మృత్తిక ఎవరమ్మా?" అన్నాడు బావ, అన్నం కలుపుకుంటూ. "అవాంఛనీయ లక్షణాలట పాపం. పెళ్ళి చూపులు తప్పిపోయినట్టున్నాయి."

నేను కూడా నవ్వాను. ఆపుకోలేకపోయాను. బావ నన్ను నవ్వించాలని ఎంత కష్టపడతాడో తలుచుకుంటే ఒక్కోసారి జాలేస్తుంది.

తర్వాత మామూలు గొంతుతో అడిగాడు. "ఇంతకీ ఏమిటది? మన కొట్టుకి సంబంధించిందేనా?"

"ఏం లేదు బావా. ఆఫీసు భాష."

అబద్ధం కాదు. ఆఫీసు భాషే.

ఏప్రిల్ 9

నాది తర్జుమా పని మాత్రమే. నిర్ణయాలు పెద్దవాళ్ళవి.

ఏప్రిల్ 12

బావ కొత్త కొట్టులో కత్తిరింపు బల్ల ఎక్కడ వేయాలో సుద్దముక్కతో వరండా నేల మీద గీశాడు. బుడంకాయని గిరాకీగా నిలబెట్టి, "దయచేయండి మేడం, గౌనా, లాగూనా?" అన్నాడు. కిటికీ వీధివైపు ఉంటుందా అని అక్క నన్నడిగింది. ఉంటుందన్నాను. ఎండ పడుతుందని కూడా చెప్పాను.

నాది తర్జుమా పని మాత్రమే.

ఏప్రిల్ 19, శనివారం

వరసగా రాయాలి.

ఆఫీసునించి వచ్చేసరికి బుడంకాయ గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో మట్టిబొమ్మలు. నీలం బొమ్మలు. అరచేతులు నీలం, గోళ్ళ సందుల్లో నీలం, పైపెదవి మీద ఒక నీలం గీత.

"ఎక్కడిదే ఈ మట్టి?"

"కంచె దగ్గర పిన్నీ. భలే మెత్తగా ఉంటుంది. అందరం అక్కడే ఆడుకుంటున్నాం. రంగు వేయక్కర్లేదు, ముందే ఉంటుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"సెలవులిచ్చినప్పటినుంచి."

బొమ్మలు లాక్కుని విసిరేశాను. అది గుక్కపెట్టింది. అక్క పరిగెత్తుకొచ్చింది, పక్కింటావిడ కూడా వచ్చింది.

"బోర్డు పెట్టారు కదా వదినా, చదవలేదా?" అన్నాను ఆవిడతో. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఎందుకు చదవలేదూ? ప్రజలు గమనించగలరు అని రాశారు" అంది పక్కింటావిడ. "గమనించాం. ఏవో లక్షణాలున్న మంచి మట్టి కాబోలు, అందుకే కంచె కట్టి కాపాడుతున్నారు అనుకున్నాం."

ఏప్రిల్ 20, ఆదివారం

మేడమ్ నిన్ననే తిరిగి వచ్చారట. ఉదయాన్నే వెళ్ళి చెప్పాను. ఆవిడ తాగుతున్న టీ అక్కడే వదిలేసి నాతో వచ్చారు. మా గుమ్మంలో చతికిలబడి, బుడంకాయ చేతులు ఒళ్ళోకి తీసుకుని, సబ్బు పెట్టి మెత్తటి బ్రష్షుతో ఒక్కో గోరూ తోమారు. అది ఏడవకుండా ఉండడానికి ఒక్కో వేలికీ ఒక్కో పేరు పెట్టారు. తర్వాత వీధిలో పిల్లలందర్నీ పోగేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇంటింటికీ వెళ్ళి, తల్లుల ముందు నిలబడి విషయం చెప్పారు. తిట్టినవాళ్ళ తిట్లు పూర్తిగా విన్నారు. ఆ బోర్డు రాసింది నేనని ఒక్క ఇంట్లో కూడా అనలేదు.

రక్తపరీక్షలో ఇప్పటికి ఏమీ లేదట. మళ్ళీ అటు పోనివ్వకండి అన్నాడు డాక్టరు.

వెనక్కి వస్తుంటే మేడమ్ అడిగారు. "అది ఎవరు చదువుతారని రాశావు?"

"తెలీదు" అన్నాను.

ఆవిడ "తెలీదు"లా లేదది.

ఏప్రిల్ 21

కొత్త బోర్డు. నేనే పెయింటరు పక్కన నిలబడ్డాను.

ఈ మట్టిలో విషం ఉంది. పిల్లల్ని రానివ్వకండి.

"ఈసారి బోర్డు పెద్దది, మాటలు చిన్నవి" అన్నాడు పెయింటరు. "ఖాళీ మిగిలిపోతోంది."

"విషం అన్నది ఇంకా పెద్దగా రాయండి."

సర్దుబాటు సారు కేకలు ఫోనులోనే వినిపించాయి. తర్వాత మనిషే వచ్చారు.

"విషమా! ఆ మాట ఒక్కసారి బోర్డెక్కితే మళ్ళీ దిగుతుందా? ఈ ఇళ్ళలో ఎవరు చేరతారు?" నన్ను చూసి కొంచెం తగ్గారు. "నేను అబద్ధం రాయమన్నానా అమ్మా? సర్దుకోమన్నాను. మే తొమ్మిదిన ఊరిసభ. మూత పెట్టాలా తవ్వాలా అన్నది అక్కడ తేలుతుంది. ఆ నివేదిక తెలుగులో చదవాల్సింది నువ్వే. దుకాణదార్లంతా వెంటనే కట్టమని సంతకాలు పెట్టారు. మొదటి సంతకం ఎవరిదో తెలుసుగా?"

తెలుసు. మా బావది.

ఏప్రిల్ 24

బావ నన్ను దొరసాని అనడం మానేశాడు. ఏమీ అనడం మానేశాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఉదయం అక్కతో అంటున్నాడు, నాకు వినపడేలాగే.

"పిల్లకి ఏం లేదన్నాడు డాక్టరు. చేతులు కడిగాం, అయిపోయింది. పైన అడుగు కాంక్రీటు పోశాక కింద ఏముంటే మనకేం? ఇంకో ఏడాది ఈ సందులో కూర్చుంటే నేనొక దర్జీనని నేనే మర్చిపోతాను."

అక్క ఒకటే చొక్కాని రెండుసార్లు మడత పెట్టింది.

బావ తప్పేమీ అనలేదు. రాసుకుంటున్నాను, ఎందుకంటే నాకు కోపం రావడం లేదు. పొద్దుటినుంచి సందు మొదట్లో ఒక కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకి కనపడేలా కూర్చుని కాజాలు కుడుతున్నాడు. వెనకనించి చూస్తే భుజాలు వంగలేదు. ఆయన కుట్టిన ఏ బట్టకీ భుజం జారదు.

మే 2

మేడమ్‌ని అడిగాను. నా అంతట నేను ఒక పెద్దమనిషిని ఒక ప్రశ్న అడగడం ఇదే మొదలేమో.

"మూత సరిపోదా మేడమ్? నిజంగా?"

"కొన్ని జాగాల్లో సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. ఈ మూల కింద నీరు కదులుతోంది. పైన మూత పెట్టినా అడుగున కారుతూనే ఉంటుంది, వీధి అవతల బోర్ల వైపు."

"ఒక ఏడాదిలో అయిపోతుందా?"

"తెలీదు. ఎక్కువే పట్టొచ్చు." చేతుల మట్టి దులుపుకుంటూ అన్నారు. "మీవాళ్ళ కొట్టు ఆ వరసలోనే కదా. చదవడం ఇబ్బందైతే ఇంకొకరిని పెడతాను. కానీ నువ్వే చదివేట్టయితే తగ్గించకు. ఏడాది కంటే ఎక్కువ పట్టొచ్చన్నది కూడా చదువు. మన వైపు తూగేదొక్కటే చదివితే మనకీ మేనేజరుగారికీ తేడా ఏముంది?"

తన మాట నెగ్గడానికి అడ్డమొచ్చే వాక్యాన్ని కూడా చదవమంటున్నారు. ఇలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నాను.

ఇంకొకరిని పెట్టమని చెప్పలేదు. చెబుదామనే నోరు తెరిచాను.

మే 8

"కలుషితం" అని రాయవచ్చు. తప్పు కాదు. అందరూ వాడేదే. మురికికాలవకీ అదే, గాలికీ అదే. విని విని ఎవరికీ తగలదు. సర్దుబాటు సారు కూడా దానికి ఒప్పుకుంటారు.

కొట్టేశాను. మళ్ళీ రాశాను. కొట్టేశాను.

మే 9, శుక్రవారం

సభ స్కూలు హాల్లో. కుర్చీలు చాలక కిటికీల్లో కూడా కూర్చున్నారు. ముందు సర్దుబాటు సారు మూత గురించి మాట్లాడారు. వానలు పడేలోగా పునాది అన్నారు. చప్పట్లు. తర్వాత నన్ను పిలిచారు.

మొదటి వాక్యం చదివాను.

"వినపడట్లేదు!"

మళ్ళీ చదివాను.

"అమ్మాయ్, మైకుని ముద్దు పెట్టుకున్నా కరవదు, దగ్గరికి జరుగు!" అన్నారెవరో. హాలంతా నవ్వింది. కాగితం మీద అక్షరాలు చీమల్లా కదిలాయి. ఎలాగో చివరిదాకా చదివాను. విషం అన్న చోట విషం అనే చదివాను. గొంతులోనే ఉండిపోయి ఉంటుంది, ఎవరూ కదల్లేదు.

అప్పుడు వెనక వరసలో బావ లేచాడు. మెడలో టేపు తీయడం మర్చిపోయి వచ్చాడు.

"చదివిన అమ్మాయిగారూ" అన్నాడు.

గారూ అన్నాడు. నన్ను.

"పడమటి వరస గురించి చదివారే, అది ఇంకోసారి చదవండి. మాకు ఇక్కడికి చేరలేదు."

మైకు దగ్గరికి జరిగాను. "పడమటి మూల మట్టిలో విషం ఉంది. అది భూమిలో నీళ్ళకి చేరుతోంది. పైన కాంక్రీటు పోసినా ఆగదు. మట్టి మొత్తం తీసేయడానికి ఏడాది, లేక అంతకంటే ఎక్కువ పట్టవచ్చు." గోడలకి తగిలి తిరిగొచ్చిన గొంతు నాదేనా అనిపించింది.

బావ కూర్చోలేదు. "మీవాళ్ళకి ఆ వరసలో కొట్టు వస్తుందని విన్నాను. దాని మీద ఇల్లు కూడా. మీరైతే మూత పెట్టమంటారా, తవ్వమంటారా?"

ఎగతాళో, కోపమో, నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. "నాది తర్జుమా పని మాత్రమే" అన్న వాక్యం నాలిక మీదికి వచ్చేసింది. ఎన్నిసార్లు రాసుకున్నానో కదా, కంఠతా వచ్చు. అక్క రెండో వరసలో ఉంది. బుడంకాయ ఒళ్ళో నిద్రపోతోంది, నోరు తెరుచుకుని.

"తవ్వమంటాను" అన్నాను.

"వాళ్ళు ఇంకో ఏడాది వరండాలో కూర్చోవాలిగా?"

"కూర్చోవాలి."

"వాళ్ళని అడిగారా?"

"అడగలేదు. అడిగితే వద్దంటారేమోనని భయపడ్డాను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. బావ మెడలో టేపు తీసి, వేళ్ళకి చుట్టుకుని, కూర్చున్నాడు. మేడమ్‌ని నలుగురు ప్రశ్నలడిగారు. రెండింటికి తెలీదన్నారు. తవ్వాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. తల్లులు ముందు ఎత్తారు. దుకాణదార్లు బావ వైపు చూస్తున్నారు. ఆయన చేతులు కట్టుకుని చాలాసేపు నేలకేసి చూశాడు.

తర్వాత ఎత్తాడు. వాళ్ళందరూ ఎత్తారు.

మే 10

ఇంట్లో ఎవరూ నిన్నటి మాట ఎత్తలేదు. అక్క నా కాఫీలో చక్కెర ఎక్కువేసింది.

మధ్యాహ్నం బావ, ఎవరితోనో చెబుతున్నట్టు, "వరండాకి రేకు వేయించాలి" అన్నాడు.

మే 19, సోమవారం

తవ్వకం మొదలైంది. లారీలకి పైన పట్టాలు కప్పి పంపుతున్నారు, దారిలో ఒక్క పిడికెడు కూడా రాలకూడదని. మేడమ్ ప్రతి లారీ పట్టా అంచులు తనే లాగి చూస్తారు. రోడ్డు అవతల అరుగుమీద పాత దుకాణదార్లు కూర్చుని, క్రికెట్ చూస్తున్నట్టు ఒక్కో లారీ మీదా వ్యాఖ్యానం చెప్పుకుంటున్నారు. బావ కూడా వెళ్ళాడు. మేడమ్ పైకొచ్చి వాళ్ళ పక్కనే కూర్చుని, పొట్లంలోంచి వాళ్ళవే బఠానీలు తిన్నారు.

"మీరు రోజూ ఆ గోతిలోకి దిగుతారా మేడమ్?" అన్నాడు బావ.

"రోజూ."

"ఆ బట్టలు మీ కొలతలకి కుట్టినవి కావు. భుజాలు చూడండి, ఎక్కడున్నాయో. చేయెత్తితే లాగేస్తుంది. రేపు ఒక జత ఇటు పంపండి."

అక్కడే, రోడ్డు మీద, టేపు తీసి ఆవిడ భుజాలు కొలిచాడు. ఆవిడ బుద్ధిగా చేతులు చాచి నిలబడ్డారు. కిటికీలోంచి చూస్తున్నాను. నాకు తెలిసినవాళ్ళలో ఇద్దరు గొప్పవాళ్ళు, వాళ్ళిద్దరూ లారీల దుమ్ములో ఎదురెదురుగా.

జూన్ 4

వాన. రేకు ఆగలేదు. వరండా చెరువైంది.

జూన్ 5, గురువారం

నా గదిలో పుస్తకాల బీరువా బయటికి లాగించాను. పుస్తకాలు మంచం కిందికి. నేనే అన్నాను, అక్క అనలేదు. బావ గుమ్మంలో నిలబడి, "నీకు చదువుకోడానికి అడ్డం కదమ్మా" అన్నాడు. అడ్డమే అన్నాను. మిషను ఒక చివర ఆయన, ఒక చివర నేను పట్టుకుని బల్ల పక్కన దించాం.

జూన్ 21, శనివారం

గిరాకీ అంతా నా గదిలోంచే. మంచం మీద కూర్చుంటారు. "రండి, కూర్చోండి, కొలతలు ఇస్తారా, పాత జాకెట్టు తెచ్చారా" అని నేనే అడగాలి, బావ నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి. ఇవాళ ఒకావిడ వెళుతూ అంది, "మీ మరదలికి మాటలొచ్చే! ఇన్నాళ్ళూ మూగదనుకున్నాం." బావ సూదులు తీసి, "ఊరిసభలో నన్ను కడిగేసిందండీ, మీరు రాలేదా?" అన్నాడు గర్వంగా. గర్వంగానే అన్నాడు, నేను సరిగ్గానే విన్నాను.

గోతిలో ఇంకా నీలం వస్తూనే ఉంది. మేడమ్‌ని ఎన్నాళ్ళని అడగడం మానేశాను. పక్కన నిలబడి చూస్తాను.

బావ తొక్కుతుంటే బల్ల కదులుతోంది. ఈ పేజీ అంతా అక్షరాలు వంకరపోయాయి, కాన్వెంటులో చూస్తే చేతిమీద కొట్టేవాళ్ళు. ఇంకా మూడు జాకెట్లున్నాయట సాయంత్రంలోగా. తొక్కనీ.